తలపు నుండి పేరా వరకు: మన పిల్లలకు రచన నేర్పు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కోసిగి వంటి మెట్టసీమ గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. వాన కురిసిన యేడును, కురియని యేడును ఇచట పుస్తకములు చదువరుల చేతికి అందుచునే యున్నవి. ఈ శుభసమయమున గ్రంథాలయ సేవను గూర్చి చెప్పుటకు నాకంటె అర్హులైన పెద్దలు పలువురు ఈ వేదికపై నున్నారు. నేను పిల్లలకు తెలుగు చెప్పువాడను గనుక, నా వృత్తికి సంబంధించిన యొక విషయమును మీ ముందుంచుటకు అనుమతి కోరుచున్నాను. అది మన బాలబాలికలకు రచన నేర్పుటను గూర్చినది. రచన యనగా కావ్యములు, కథలు వ్రాయుట యని భావింపవద్దు. తాను చూచినదానిని, తాననుకొన్నదానిని, తనకు కావలసినదానిని, ఎదుటివానికి తెలియునట్లు పది వాక్యములలో కూర్చి చెప్పుటయే నేనిక్కడ చెప్పు రచన.

ఈ గ్రంథాలయము మనకు చదువుట నేర్పినది. లోకమున ఎక్కడెక్కడివారో వ్రాసినది మనము చదివితిమి. మన సంగతులు మనము వ్రాయగా లోకము చదువుట యింకను మిగిలియున్న పని. ఆ పనికి పునాది ఎట్లు వేయవలెనో ఆలోచింతము.

ముందుగా మన ప్రాంతపు పాత లెక్క నొకదానిని చూతము. 1822లో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, జిల్లాలలోని బడుల వివరములు పంపవలసినదని కలెక్టర్లను కోరెను. ఆనాడు మన ఆదోని సీమ బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడుగాని అది కర్నూలు జిల్లాలో చేరలేదు. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. అందు చెప్పిన లెక్క యిది: జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641. అనగా వేయిమందికి సుమారు ఏడుగురు మాత్రమే చదువుచుండిరి. ఆ బడులలో 235 కన్నడము చెప్పునవి, 226 తెలుగు చెప్పునవి. రెండు భాషలు కలిసి కాపురము చేయు సీమ మనది యనుటకు ఇంతకంటె పాత సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

ఆ నివేదికలో మనము నేడును గమనింపదగిన సంగతులు మూడు గలవు. మొదటిది, పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు నేర్చుకొనుట, ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పుట. ఈ పద్ధతిని కలెక్టరు మెచ్చుకొని, ఇంగ్లండువారును దీనిని అనుకరించిరని వ్రాసెను. రెండవది, బడిపిల్లలు లెక్కలేనన్ని పద్యములు కంఠస్థము చేసియు వాని అర్థ మెరుగకుండుట. ఈ విషయమున అతడు వారిని పలుకులు నేర్చిన చిలుకతో పోల్చెను. మూడవది, నలుగురి చేతివ్రాతలలో నున్న జాబులు చదివించుట, సామాన్యమైన ఉత్తరములు వ్రాయించుట, ఒడంబడిక పత్రములు తయారుచేయించుట. అనగా రెండువందల సంవత్సరముల క్రిందటి వీథిబడిలోనే జీవనమునకు పనికివచ్చు రచనకు చోటుండెనన్నమాట. అందు మంచిని నిలుపుకొని, చిలుక చదువును వదలుకొనుట మన పని.

మరి నేటి స్థితి యెట్లున్నది? 2011 జనగణన ప్రకారము అప్పటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు సుమారు నూటికి 60 మంది. స్త్రీలలో ఆ సంఖ్య 50కి లోపుననే యుండెను. మన పడమటి మండలములు ఆ లెక్కలో వెనుకబడినవే. అయినను బడికి పోవువారి సంఖ్య 1823 నాటితో పోల్చరానంతగా పెరిగినది. సంతోషమే. కాని బడిలో వ్యాసరచన జరుగు తీరును చూచినచో, ఆ పాత కలెక్టరు చెప్పిన చిలుక యింకను ఎగిరిపోలేదని తోచును. పరీక్షకు వచ్చునని పది వ్యాసములను గైడులో నుండి కంఠస్థము చేయుదురు. "గ్రంథాలయముల వలన ప్రయోజనములు" అని యిచ్చినచో, గ్రంథాలయపు గడప త్రొక్కని విద్యార్థియు పుటనిండ వ్రాసి మార్కులు పొందును. ఆ వ్యాసమును కోసిగిలో వ్రాసినను, కాకినాడలో వ్రాసినను అక్షరము మారదు. గైడులో లేని విషయ మొకటి యిచ్చినచో కలము కదలదు. "అయ్యా, ఏం రాయాలో తోచడం లేదు" అను మాట ప్రతి తరగతిలోను వినబడును.

ఆ పిల్లవానికి నిజముగా చెప్పుటకు ఏమియు లేదా? అతడు బడి వదలగానే స్నేహితులతో అరగంట ఆగకుండ మాటలాడును. జాతరలో జరిగిన కొట్లాటను కన్నులకు కట్టినట్లు చెప్పును. తలపులకు కరవు లేదు. తలపును కాగితము మీదికి తెచ్చు దారి అతనికి ఎవ్వరును చూపలేదు. మనమిచ్చు విషయము మిక్కిలి పెద్దది; ఎవరికొరకు వ్రాయుచున్నాడో అతనికి తెలియదు; మొదటి పంక్తిలోనే అక్షరదోషమునకు ఎర్రసిరా పడునను భయ మొకటి. ఈ మూడును కలిసి నోరున్న పిల్లవానిని కలము పట్టగానే మూగవానిని చేయుచున్నవి.

కావున తలపులు పుట్టించుట మొదటి మెట్టు. దీనికి సాధనము ప్రశ్న. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు, ఎందుకు అను ఆరు ప్రశ్నలు ప్రతి యుపాధ్యాయునికి తెలిసినవే. వీనికి తోడుగా చూచినదేమి, విన్నదేమి, తాకినదేమి, వాసన యెట్టిది, రుచి యెట్టిది అని అడుగవలెను. విషయము పిల్లవాడెరిగినదై యుండవలెను. "దేశభక్తి" వంటి విషయముతో ప్రారంభింపక "మా ఇంటి ఎద్దులు", "మా వీధి బోరింగు", "సంత రోజు", "సుగ్గి" వంటి వానితో ప్రారంభింపవలెను.

సుగ్గి యనగా ఈ సభలో వేరుగా వివరింప నక్కరలేదు. ఊరిలో పనులు లేని నెలలలో మన కుటుంబములు మూటాముల్లె సర్దుకొని గుంటూరు వైపు మిరప చేలకు, పత్తి చేలకు, బెంగుళూరు వంటి నగరములలో కట్టడపు పనులకు పోవుట మనమెరిగినదే. పిల్లలును వెంట పోవుదురు. తిరిగివచ్చునప్పటికి తరగతిలో పాఠములు చాల ముందునకు సాగియుండును. వచ్చిన పిల్లను మనము "ఇన్నాళ్లు ఎక్కడికి పోయినావు?" అని గద్దించి, తప్పిపోయిన పాఠములను లెక్కపెట్టి చూపుదుము. ఆమె తెచ్చిన పాఠములను మాత్రము అడుగము. కాని ఆ తరగతిలో చెప్పదగిన విషయములు అందరికంటె ఎక్కువగా గలది ఆమెయే.

ఆమెను ప్రశ్నింపుడు. బండి ఎప్పుడెక్కితిరి? ఎక్కడ దిగితిరి? రాత్రి యెక్కడ పండుకొంటిరి? కాయలు కోసినప్పుడు చేతులెట్లుండెను? ఏమి తింటిరి? కూలి లెక్క ఎవరు వ్రాసిరి? ఊరిలో ఎవరిని వదలిపోతిరి? జవాబులు వచ్చుచుండగా ఉపాధ్యాయుడు వానిని నల్లబల్లపై ఒక్కొక్క ముక్కగా వ్రాయవలెను. రాత్రి ప్రయాణము, చేని గట్టున పట్టకప్పు, చేతుల మంట, కల్లములో ఎర్రగా ఆరబోసిన కాయలు, చెల్లెలి ఏడుపు, ఇంటినుండి తెచ్చుకొన్న జొన్నపిండి, ఊరిలో ఒంటరిగా నున్న అవ్వ, అచటివారి మాటతీరు. పావుగంటలో ఇరువది ముక్కలు పోగగును. ఈ సమయమున తప్పులు దిద్దరాదు. కన్నడము ఇంటిభాషయైన పిల్ల కన్నడపు మాట చెప్పినను, ఉర్దూ ఇంటిభాషయైన పిల్లవాడు ఉర్దూ మాట చెప్పినను కాదనక వ్రాయవలెను. తెలుగు మాట తరువాత వెదకవచ్చును. జారిపోయిన తలపు మరల దొరకదు.

తాను చూచినదానిని చూచినట్లు వ్రాయుట చిన్నపని యని ఎవరును భావింపరాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా సాగిపోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దారిలో తాము చూచిన ఊళ్లు, బాటలు, బసలు, నీటివసతి, ప్రజల నడవడి మొదలగువానిని వ్రాసి మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లెగారికి పంపుచు వచ్చిరి. అదియే 1838లో అచ్చయిన "కాశీయాత్రచరిత్ర". తెలుగు వచనమున నేటికిని గౌరవము పొందుచున్న ఆ గ్రంథమునకు మూలధనము రెండే: కన్నులతో చూచుట, ఒక మిత్రునికి చెప్పుచున్నానను స్పృహ కలిగియుండుట. మన సుగ్గి పిల్లకును ఈ రెండును ఇవ్వవచ్చును. "ఊరిలో నున్న మీ అవ్వకు తెలియునట్లు వ్రాయి" అన్నచో చాలును.

తలపులు పోగైన తరువాత వానిని వేరుపరచుట రెండవ మెట్టు. ఇక్కడ మనకు దారి చూపగల యొక బడి ఇటలీ దేశమున నుండెను. ఫ్లోరెన్సు నగరమునకు ఎగువ కొండలలో బార్బియానా యను చిన్న పల్లె గలదు. 1954లో లొరెంజో మిలానీ యను మతగురువు ఆ పల్లెకు పంపబడెను. పరీక్షలలో తప్పి బడుల నుండి వెడలగొట్టబడిన రైతుబిడ్డలను చేరదీసి అతడు చదువు చెప్పెను. ఆ బడిలోని యెనిమిదిమంది బాలురు కలిసి, పేదపిల్లలను తప్పించు బడులను విమర్శించుచు, ఉపాధ్యాయినికి వ్రాసిన లేఖ రూపమున ఒక పుస్తకము రచించిరి. అది 1967లో ప్రచురింపబడి పెక్కు భాషలలోనికి పోయినది.

ఆ బాలురు వ్రాసిన విధము మనకు ముఖ్యము. ప్రతివాడును తనకు తోచినదానిని తోచినప్పుడు ఒక చిన్న పుస్తకములో గుర్తుపెట్టుకొనెను. పిమ్మట ఒక్కొక్క తలపును ఒక్కొక్క కాగితపు ముక్క మీద, ఒకవైపే వ్రాసిరి. అన్నిటిని పెద్ద బల్లమీద పరచి, రెండుమారులు వచ్చినదానిని తీసివేసిరి. ఒక సంగతికి చెందినవానిని ఒక కుప్పగా చేసిరి. పెద్దకుప్పలు ప్రకరణములు, ప్రతి పెద్దకుప్పలోని చిన్నకుప్పలు పేరాలు. అంతట ప్రతి పేరాకును ఒక పేరు పెట్టుటకు ప్రయత్నించిరి. పేరు కుదరని పేరాలో ఏదో దోషమున్నదని గ్రహించిరి. దానిలో సంగతియే లేకుండవలెను, లేక సంగతులు మితిమీరి యుండవలెను. మొదటి విధమైనచో తీసివేసిరి. రెండవ విధమైనచో రెండుగా చీల్చిరి.

ఈ పద్ధతికి ఖర్చు లేదు. వాడిన నోటుపుస్తకముల వెనుకపుటలను చీల్చినచో కాగితములు దొరకును. బల్ల లేనిచోట నేల చాలును. మన రైతులు కల్లములో చేయు పనియే యిది. కోసిన పంటను మొదట కుప్ప వేయుదురు. తరువాత తూర్పారబట్టి పొల్లును వేరుచేయుదురు. తుదకు గింజను కొలిచి మూట కట్టుదురు. కుప్ప వేయునప్పుడే పొల్లును ఏరువాడు పని తెలియనివాడు. అట్లే తలపులు పోగుచేయునప్పుడే తప్పులు పట్టు ఉపాధ్యాయుడు పంటను కల్లమునకు చేరనీయడు.

ఇక మూడవ మెట్టు పేరా. పేరాను గూర్చి రెండు మాటలు. తాటాకులపై వ్రాయు కాలమున సందు విడుచుట యరుదు. పంక్తి వెంట పంక్తి నిండుగా సాగిపోవును. అచ్చు వచ్చిన పిమ్మటనే మన వచనమున పేరాల విభజన స్థిరపడినది. సామినేని ముద్దునరసింహము నాయుడుగారి "హితసూచని" 1862లో అచ్చయినది. తెలుగున తొలి వ్యాసములుగా చెప్పదగిన అందలి రచనలకు ఆయన "ప్రమేయము"లని పేరిడిరి. ప్రమేయమనగా తెలియవలసిన విషయము. స్కాట్లండు దేశీయుడైన అలెగ్జాండర్ బెయిన్ అను ఆచార్యుడు 1866లో ప్రచురించిన రచనాశాస్త్ర గ్రంథమున పేరాకు కొన్ని నియమములు చెప్పెను. విషయము మొదటనే తెలియవలెననియు, ప్రతి వాక్యమును ఆ విషయమునకే ఉపకరింపవలెననియు, ముందు వాక్యమునకు వెనుక వాక్యమునకు సంబంధము స్పష్టముగా నుండవలెననియు అందలి సారము. నూటయేబది యేండ్లు దాటినను బడులలో నేర్పునది నేటికిని ఇదియే.

మన పిల్లలకు దీనిని సేద్యపు భాషలో చెప్పవచ్చును. పేరా యొక సాలు. సాలు ఒకచోట మొదలై తిన్నగా సాగి చేని చివర ముగియును. నడుమ ప్రక్క సాలులోనికి పోయిన యెద్దులను సేద్యగాడు వెంటనే మరల్చును. ఒక సాలు ముగిసిన తరువాత యెద్దులను త్రిప్పి రెండవ సాలు పట్టును. ఎన్ని సాళ్లైనను దున్నవచ్చును, ఒక్కొక్కమారు ఒక్కటియే.

ఉదాహరణమునకు, సుగ్గిని గూర్చి యొక బాలిక మొదట ఇట్లు వ్రాసినదనుకొందము:

"మేము సుగ్గికి పోయినాము. అక్కడ మిరపకాయలు కోసినాము. మా అవ్వ ఊర్లోనే ఉంది. గుంటూరు పెద్ద ఊరు. కాయలు కోస్తే చేతులు మండుతాయి. మా మేకకు రెండు పిల్లలు పుట్టినాయి. అమ్మ నూనె రాస్తుంది. చదువు అందరికీ చాలా ముఖ్యం."

ఇందు అబద్ధము లేదు; భాషాదోషములును పెద్దగా లేవు. కాని దీనికి పేరు పెట్టుడు. అవ్వయా? గుంటూరా? మేకయా? చదువా? ఏ పేరును కుదరదు. ఎనిమిది వాక్యములు ఐదు దారులు పట్టినవి. ఇప్పుడు ఉపాధ్యాయుడు "తప్పు" అని కొట్టివేయక, "వీనిలో నీకు ఎక్కువగా గుర్తున్నది యేది?" అని అడుగవలెను. ఆమె "చేతుల మంట" అన్నచో అదియే పేరు. ఆ పేరునకు చెందినవానిని మాత్రము ఏరి, ఇంకను నాలుగు ప్రశ్నలడిగి, మరల వ్రాయింపవలెను. అప్పుడు ఇట్లు రావచ్చును:

"మిరప కోతలో అన్నిటికంటే కష్టం చేతుల మంట. కాయ తుంచేటప్పుడు ఘాటు వేళ్లకు అంటుకుంటుంది. మొదటిరోజు అంతగా తెలియదు. మూడోరోజుకు గోళ్ల చుట్టూ ఎర్రగా అవుతుంది. ఆ చేత్తో కన్ను నులుముకుంటే నీళ్లు ఆగవు. సాయంత్రం అమ్మ మా చేతులకు నూనె రాసి, చెల్లిని తాకవద్దని చెబుతుంది. చెల్లి చేతులు చాపుకుంటూ వచ్చినా మేము ఎత్తుకోలేము."

మొదటి వాక్యము విషయమును చెప్పినది. తక్కిన వాక్యములన్నియు దానిని విడువలేదు. మొదటిరోజు, మూడవరోజు, సాయంకాలము అను కాలక్రమము చదువరిని చేయిపట్టి నడిపించినది. చివరి వాక్యముతో సంగతి పూర్తియైనది. ఇందు చదువు ముఖ్యమను మాట లేదు. అయినను దీనిని చదివినవారికి ఈ పిల్ల బడిలో నుండవలసినది గదా యని తోచకమానదు. గైడులోని నూరు వ్యాసములు చేయలేని పనిని ఏడు వాక్యములు చేసినవి.

విడిచిపెట్టిన మేకను, అవ్వను ఏమి చేయవలెను? వానిని పారవేయ నక్కరలేదు. అవ్వకొక పేరా, మేకకొక పేరా వేరుగా వ్రాయవచ్చును. "ఇది చెడ్డది" అని తీసివేసినచో పిల్లలకు మనస్సు నొచ్చును. "దీనికి వేరే చోటున్నది" అన్నచో సంతోషముతో తీసివేయుదురు. పేరాలు నాలుగైదు సిద్ధమైన పిమ్మట వానిని వరుసలో పెట్టినచో అదియే వ్యాసమగును. ఏ పేరా ముందు, ఏది వెనుక యను విషయమును పిల్లలే చర్చించి తేల్చుకొనవలెను. వ్రాసినదానిని బిగ్గరగా చదువుట తప్పనిసరి. కంటికి కనబడని తప్పు చెవికి దొరకును. చదువుచుండగా ఊపిరి చాలని వాక్యమును రెండుగా విరువవలెను.

భాషను గూర్చి పెద్దలకొక మనవి. ఈ ఉదాహరణమునందలి భాష వాడుకభాష. 1911 నుండి 1914 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమున విద్యార్థుల వ్యాసరచన యే భాషలో నుండవలెనను విషయమై గొప్ప వివాదము జరిగినది. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు వ్యావహారికము పక్షమునను, జయంతి రామయ్య పంతులుగారు, వేదము వేంకటరాయ శాస్త్రులుగారు గ్రాంథికము పక్షమునను వాదించిరి. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. తెలుగు భాషాచరిత్రలో అంతటి వాదమునకు కారణమైనది విద్యార్థి వ్రాయు వ్యాసమే యని మనము మరువరాదు. ఈ ప్రసంగమును నేను పెద్దల సభకు తగిన భాషలో చదువుచున్నాను. పిల్లలను మాత్రము వారి నోటి మాటతోనే మొదలుపెట్టనిండు. సంగతి తిన్నగా చెప్పుట అలవడినవానికి భాషకు మెరుగు పెట్టుట కష్టము కాదు. సంగతి లేనిచోట మెరుగు పెట్టుటకు ఏమియుండదు.

"అరువదిమంది గల తరగతిలో ఒక్కొక్కని వ్రాత ఎట్లు దిద్దగలము?" అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి జవాబు 1823 నాటి మన వీథిబడిలోనే గలదు: ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పుట. పిల్లలను ఐదుగురైదుగురుగా కూర్చుండబెట్టి, ఒకరి పేరాను మరియొకరు చదివి, దానికి పేరు పెట్టవలెనని చెప్పుడు. వ్రాసినవాడు మనస్సులో పెట్టుకొన్న పేరు, చదివినవాడు పెట్టిన పేరు ఒకటియైనచో ఆ పేరా కుదిరినది. వేరైనచో ఎందుకు వేరైనదో వారే మాటలాడుకొందురు. ఉపాధ్యాయుడు అన్ని తప్పులను ఒక్కదినముననే దిద్దనక్కరలేదు. ఈ వారము పేరాలో దారితప్పిన వాక్యము, వచ్చే వారము వాక్యముల వరుస, ఆపై వారము అక్షరదోషములు. ఒక్కొక్కటిగా చూచినచో పిల్లవాడు బెదరడు, ఉపాధ్యాయుడు అలయడు.

ఇంతవరకు బడిపిల్లలను గూర్చి చెప్పితిని. ఈ విద్య పెద్దలకు అక్కరలేదా? మన ఊరినుండి అధికారులకు పోవు అర్జీలను చూడుడు. ఒకే అర్జీలో నీటి కష్టము, వీధి దీపము, వృద్ధుల పింఛను, పొలము దారి, రేషను కార్డు అన్నియు నుండును. నమస్కారములకు, పొగడ్తలకు సగము కాగితము సరిపోవును. చదువు అధికారికి ఏది ముఖ్యమో తెలియదు. తెలియనిదానిని ప్రక్కకు పెట్టుట సులభము. అదియే, "మా కాలనీలో బోరింగులు రెండు. ఒకటి ఎండిపోయినది. రెండవది మూడు వారములుగా చెడిపోయి యున్నది. నీటికొరకు ఆడవారు దూరపు బావికి పోవలసివచ్చుచున్నది. రెండవ బోరింగును వెంటనే బాగుచేయింప ప్రార్థన" అని యొక్క పేరాలో వ్రాసినచో, "నాకు సంగతి తెలియలేదు" అనుటకు వీలుండదు. పింఛనుకు వేరొక కాగితము, దారికి వేరొక కాగితము. సంగతిని సూటిగా వ్రాయగల యొక బాలిక ఇంటిలో నున్నచో ఆ యిల్లు మరియొకనికి రుసుము చెల్లించి అర్జీ వ్రాయించుకొన నక్కరలేదు. అతడు తమ పేరున ఏమి వ్రాసెనో తెలియక వ్రేలిముద్ర వేయనక్కరలేదు.

ఈ పనిలో గ్రంథాలయమునకు గొప్ప స్థానము గలదు. మన కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజన విద్యను ఒక బండికి కట్టిన రెండెద్దుల వలె నడిపిరి. పుస్తకములను ఇచ్చి పుచ్చుకొనుటతోనే గ్రంథాలయపు పని ముగియదను భావము ఈ సీమకు క్రొత్త కాదు. అందుచేత రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది, వారమునకొక సాయంకాలము ఈ గ్రంథాలయమున వ్రాత గోష్ఠి జరుపుట. కాగితపు ముక్కలు, సుద్దముక్కలు, ఒక నల్లబల్ల చాలును. పై తరగతుల విద్యార్థులు క్రింది తరగతులవారికి తోడ్పడవలెను. చదువరాని తల్లులు, అవ్వలు వచ్చి తమ సంగతులు చెప్పినచో పిల్లలు వ్రాయవలెను. మన ఊరి పాతబావుల పేర్లు, కరవు నాటి తిండి, పంటల మార్పు మొదలైన సంగతులు వారి నోటనే గలవు.

రెండవది, సుగ్గికి పోవు ప్రతి పిల్లకును గ్రంథాలయము తరపున ఒక చిన్న నోటుపుస్తకము, ఒక పెన్సిలు ఇచ్చి పంపుట. రోజునకొక్క తలపు, ఒక్క పంక్తి వ్రాసికొని వచ్చిన చాలును. తిరిగివచ్చిన పిదప ఆ పంక్తులనుండి పేరాలు వ్రాయింతము. దానివలన తప్పిపోయిన పాఠములన్నియు రావు. కాని వ్రాత అలవాటు తెగిపోదు. బడికి తిరిగివచ్చుటకు ఆ పిల్లకొక కారణ మేర్పడును.

మూడవది, లిఖిత పత్రిక. అచ్చు ఖర్చు లేక చేతితో వ్రాసి, కుట్టి, బల్లమీద నుంచు పత్రికలు ఒకప్పుడు మన బడులలోను గ్రంథాలయములలోను విరివిగా నుండెడివి. మూడు నెలలకొకమారు పిల్లల పేరాలలో మంచివానిని ఏరి అట్టి పత్రికను కూర్చి ఇచట నుంచినచో, చదువరులు వార్తాపత్రికతో పాటు దానినికూడ చదువుదురు. తన వ్రాతను ఊరివారు చదువుచున్నారని తెలిసిన పిల్లవాడు గైడును ముట్టడు.

నేడు చేతిలోని ఫోనునడిగినచో ఏ విషయముపైనైనను వ్యాసము క్షణములో వచ్చుచున్నది గదా, ఇంత శ్రమ యెందులకని కొందరనవచ్చును. ఆ యంత్రము సుగ్గిని గూర్చియు వ్రాయగలదు. కాని ఆ సాయంకాలము మన పిల్ల చెల్లెలిని ఎత్తుకొనలేకపోయిన సంగతి ఆమె చెప్పనిదే దానికి తెలియదు. మన సంగతులు మనమే చెప్పవలెను. చెప్పుటకు తలపులు ఏరుకొనుట, కుప్పలు చేయుట, పేరు పెట్టుట, ఒక సాలున నడిపించుట అను నాలుగు పనులు చాలును. ఇవి పదేండ్ల పిల్లకును నేర్పదగినవే.

ఈ గ్రంథాలయపు బీరువాలలో నేడున్న పుస్తకములు బయటినుండి వచ్చినవి. స్వర్ణోత్సవము నాటికి వాని ప్రక్కన కోసిగి పిల్లలు వ్రాసిన పుస్తకము లొక వరుస నిండవలెనని నా కోరిక. అందులకు కావలసిన మొదటి కాగితపు ముక్కలను ఈ వారమే చీల్చుదము.